చివరి అమ్మాయి వచ్చేదాకా

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే శనివారం మన పాఠశాల క్రీడోత్సవం. ఏటా ఈ ఉత్తరంలో వేళలు, యూనిఫాం, భోజనాల సంగతి రాసి ముగించేదాన్ని. ఈసారి అవి చివర్లో నాలుగు ముక్కల్లో రాస్తాను. ముందు మీకు చెప్పుకోవలసినది ఒకటి ఉంది.

జనవరిలో నేను 21 కిలోమీటర్ల పరుగులో పాల్గొన్న సంగతి పిల్లలు ఇంట్లో చెప్పే ఉంటారు. యాభై ఒకటో ఏట ఇదేమిటమ్మా అని అడిగినవారూ ఉన్నారు. శ్రావణమాసంలో మొదలుపెట్టాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, కాలువ గట్టు మీద లాకుల దాకా వెళ్లి రావడం. మొదటి వారం లాకులు కనబడకముందే వెనుదిరిగాను. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఉత్త నీళ్లు తాగుతూ పరుగెత్తి రెండుసార్లు తలనొప్పితో మంచం ఎక్కాను. చెమటతో నీటితోపాటు ఉప్పు కూడా పోతుందని మన వ్యాయామ ఉపాధ్యాయులు చెప్పాక, ఉప్పు వేసిన పలుచని మజ్జిగకు మారాను. ఇంటి వెనుక కొబ్బరిచెట్లున్న మనకు ఏ నీరసానికైనా కొబ్బరినీళ్లే గుర్తొస్తాయి. వాటిలో పొటాషియం బాగా ఉంటుంది గానీ, ఉప్పులో ఉండే సోడియం తక్కువ. ఎండలో ఆడే మీ పిల్లల విషయంలో ఇది గుర్తుంచుకోండి.

ఇంత సాధన చేసీ పందెం రోజున తప్పు చేశాను. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల చొప్పున వెళ్లాలని అనుకున్నదాన్ని, చుట్టూ కుర్రవాళ్లు దూసుకుపోతుంటే నిలవలేక మొదటి ఐదు కిలోమీటర్లు 32 నిమిషాల్లో పరుగెత్తాను. వేగం పెరిగేకొద్దీ కండరాలలో దాచుకున్న చక్కెర తొందరగా ఖర్చయిపోతుంది. పద్నాలుగో కిలోమీటరు దాటేసరికి నా మూట ఖాళీ. పదిహేడు దగ్గర రోడ్డు పక్కన నిలబడిపోయాను. పక్క చేలో దాళ్వా నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుము ఎత్తి ఒకసారి నావైపు చూసి, మళ్లీ వంగారు.

నేను రోజూ గంటసేపు పూజ చేసుకునే మనిషిని. ఆ రోడ్డు మీద ఒక్క శ్లోకం నోటికి రాలేదు. 'గోవిందా' అన్న మూడక్షరాలు మాత్రం మిగిలాయి. అడుగుకొకసారి అదే అనుకుంటూ నడక మొదలుపెట్టాను. అందులో కోరిక లేదు, మొక్కు లేదు. ఇన్నేళ్ల నా పూజలో ఎంత బేరం కలిసి ఉందో అప్పుడు తెలిసింది. ఆ నామం నా కాళ్ల నొప్పి తీసిందని చెప్పను. నొప్పిలో నాకు తోడుగా ఉంది. మీలో చర్చికి వెళ్లేవారు, మసీదుకు వెళ్లేవారు ఉన్నారు. అటువంటి మాట ఒకటి మీకూ ఉంటుందని నాకు తెలుసు.

రెండు గంటల యాభై రెండు నిమిషాలకు చేరాను. అప్పటికే బహుమతులు పంచడం అయిపోయి, కుర్చీలు వ్యానులోకి ఎక్కిస్తున్నారు. గీత దగ్గర ఒక పెద్దావిడ మాత్రం నిలబడి ఉన్నారు. ఎవరో నాకు తెలియదు. "రామ్మా, నీ కోసమే ఉన్నాను. నీ వెనుక ఇంకా ఇద్దరున్నారట" అన్నారు. నా చేతులు వణుకుతుంటే చూసి, చక్కెరకేళి పండు తానే సగం వలిచి అందించారు.

ఆ పండు గొంతు దిగలేదు. పోయిన ఏటి మన క్రీడోత్సవం కళ్ల ముందుకు వచ్చింది. ఎనిమిదో తరగతి బాలికల 1500 మీటర్ల పరుగులో ఒక అమ్మాయి బాగా వెనుకబడింది. ముఖ్య అతిథికి ఆలస్యమవుతోందని నేనే మైకు అందుకొని బహుమతుల పేర్లు చదవడం మొదలుపెట్టాను. ఆ పిల్ల ఆఖరి చుట్టు పూర్తి చేసేసరికి అందరి ముఖాలూ వేదిక వైపే ఉన్నాయి. గీత దాటి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసి, చెప్పులు వెతుక్కొని వెళ్లిపోయింది. నేను చూశాను. చూసి కూడా తరువాతి పేరు చదివాను.

ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, ఆమెనూ తల్లిదండ్రులనూ క్షమించమని అడిగాను. తప్పు అందరి ముందూ జరిగింది కనుక, అందరికీ రాస్తున్నాను.

సోమవారం ప్రార్థన వేళ పిల్లలకు 1968 మెక్సికో ఒలింపిక్స్ సంగతి చెప్పాను. టాంజానియాకు చెందిన జాన్ స్టీఫెన్ అఖ్వారి మారథాన్‌లో కిందపడి, మోకాలికి కట్టుతో కుంటుతూ, మొదటివాడు చేరిన గంటకు పైగా ఆలస్యంగా స్టేడియంలోకి వచ్చాడు. అప్పటికి పతకాలు ఇవ్వడం అయిపోయింది. ఐదో తరగతి పిల్లవాడొకడు లేచి, "మరి వాళ్లు కాసేపు ఆగవచ్చు కదండీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

చిన్నప్పుడు మా అమ్మతో వాడపల్లి తీర్థానికి నడిచి వెళ్లేదాన్ని. గోపురం కనబడగానే నేను పరుగు తీయబోతే అమ్మ చెయ్యి పట్టుకొని ఆపేది. మా గుంపులో అందరికన్నా వెనుక ఒక ముసలమ్మ వచ్చేది. ఆమె వచ్చి, కాస్త ఊపిరి పీల్చుకొని లేచేదాకా అందరూ రావిచెట్టు కిందనే కూర్చునేవారు. అప్పుడు కలిసి లోపలికి వెళ్లేవాళ్లం. ఎండలో అలా కూర్చోవడం నాకు అప్పట్లో విసుగ్గా ఉండేది.

ఈసారి ఏ పరుగులోనైనా ఆఖరి బిడ్డ గీత దాటాకే బహుమతుల పేర్లు చదువుతాం. ముఖ్య అతిథికి ఈ సంగతి ముందే చెప్పాను, సంతోషంగా ఒప్పుకున్నారు.

పోటీలు ఉదయం ఏడు గంటలకు మొదలవుతాయి. పిల్లలను ఖాళీ కడుపుతో పంపకండి. ఆరో తరగతి తల్లులు మజ్జిగ తెస్తామన్నారు, ఉప్పు మరచిపోవద్దు. వేదిక ముందు కుర్చీలు వేయిస్తున్నాం గానీ, వీలైనవారు మైదానం అవతల, కొబ్బరిచెట్ల వైపు మలుపులో నిలబడండి. అక్కడ ఎప్పుడూ ఎవరూ ఉండరు. పిల్లలు పరుగు ఆపి నడక మొదలుపెట్టేది అక్కడే.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు