ఆదివారం ఫోను జాబితాలో మూడో నంబరు

సంపాదకునికి నమస్కారం.

పదో తరగతి అవుతూనే మన గుంటూరు, విజయవాడల్లో పిల్లల్ని ఇంటర్ హాస్టళ్లలో చేర్పించేస్తాం. ఫీజెంత, ర్యాంకులెన్ని, ఏసీనా నాన్ ఏసీనా అని పదిసార్లు అడుగుతాం. నీ నేస్తాలు ఎటు వెళ్తున్నారమ్మా అని మాత్రం అడగం. నేనూ అడగలేదు.

మా అమ్మాయి, బ్రాడీపేట నాలుగో లైనులోని ఇంకో అమ్మాయి ఎల్‌కేజీ నుంచి ఒకే ఆటోలో బడికెళ్లారు. పరీక్ష రోజు మా పిల్లకు ముద్ద దిగదు. ఆ సంగతి తెలిసి ఆ పిల్ల బ్యాగులో రెండు అరటిపళ్లు వేసుకొచ్చేది. నిరుడు మా అమ్మాయిని విజయవాడ శివారు హాస్టల్లో వేశాం. ఆదివారం పది నిమిషాలు ఫోను, అదీ రాసిచ్చిన అమ్మానాన్నల నంబర్లకే. ఇద్దరి ఔటింగులూ ఒకే రోజు పడవు. అక్కడ ఎవరితోనైనా కాస్త చనువు కుదిరేలోపే టెస్టు మార్కులు చూసి సెక్షన్ మార్చారు, దాంతోపాటే గదీ మారింది. దసరాకి ఇంటికొచ్చినప్పుడు తన రఫ్ నోట్సు చివరి పేజీల్లో ఆ స్నేహితురాలికి రాసుకున్న ఉత్తరాలు కనిపించాయి, తేదీలు వేసి మరీ. పేరు చూసి మూసేశాను. నాతో ఫోనులో మాత్రం ప్రతి వారం ‘బాగానే ఉన్నానమ్మా’ అనేది.

వర్జీనియా విశ్వవిద్యాలయం వారు 169 మంది పిల్లల్ని 15 ఏళ్ల వయసు నుంచి 25 దాకా గమనించి 2017లో ఫలితాలు ప్రచురించారు. పదిహేనేళ్లప్పుడు గాఢమైన స్నేహం ఉన్నవారిలో పాతికేళ్లు వచ్చేసరికి ఆందోళన, దిగులు తగ్గాయట. మనమేమో సరిగ్గా ఆ వయసులోనే ఆ స్నేహాన్ని తెంపుతున్నాం.

విశాఖ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్నచోట కౌన్సెలర్ ఉండాలంది. కోచింగ్ సంస్థలు మార్కుల లెక్కన బ్యాచులు విడదీయడం వీలైనంత వరకు మానాలంది. కౌన్సెలర్ అవసరమే, కాదనను. కానీ కొత్త మనిషి దగ్గర పిల్లలు నోరు విప్పేసరికి చాలా ఆలస్యమవుతుంది. చిన్ననాటి నేస్తానికి గొంతు వింటేనే తెలిసిపోతుంది.

ఇంటర్ బోర్డు వారికి నా మనవి రెండే. హాస్టల్ ఫోను జాబితాలో అమ్మానాన్నల నంబర్లతోపాటు బిడ్డ కోరిన ఒక నేస్తం నంబరుకు చోటివ్వమని చెప్పండి. సెక్షన్ మారినా ఏడాది పొడుగునా గది మార్చొద్దని చెప్పండి. వీటికి పైసా ఖర్చు లేదు. కొత్త అడ్మిషన్లు మొదలయ్యేలోపే ఈ ఉత్తర్వు రావాలి.

– ఒక విద్యార్థిని తల్లి, బ్రాడీపేట, గుంటూరు