డబ్బిచ్చి కొన్న ఫాంటులో తెలుగు ఏదీ?

సంపాదకులు గారికి,

‘మీ ఫోన్ ఫాంటు మార్చుకోండిలా’ అని మన పత్రికల చిట్కాల శీర్షికల్లో తరచూ వస్తుంటుంది. సెట్టింగ్స్‌లో ఎక్కడికి వెళ్లాలి, ఏది నొక్కాలి అన్నంతవరకు అందులో తప్పేమీ ఉండదు. చెప్పకుండా వదిలేసేది ఒక్కటే: ఆ దారిలో మారేవి చాలావరకు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు. తెలుగు ఎక్కడిదక్కడే ఉంటుంది. డబ్బు పెట్టి ఫాంటు కొన్నవారు ఫోన్ చెడిపోయిందనుకుంటారు. ఫోన్‌కు ఏమీ కాలేదు. కొన్న ఫాంటులోనే తెలుగు లేదు.

ఒక్క ఎస్సెమ్మెస్ తీసుకుని చూద్దాం. ‘మీ ఖాతా నుంచి ₹2,500 డెబిట్ అయింది’ అని వచ్చింది. తెర మీద ఆ వాక్యం పడేముందు ఫోన్ ప్రతి అక్షరాన్నీ మీరు ఎంచుకున్న ఫాంటులో వెతుకుతుంది. 2,500 దొరుకుతుంది, అక్కడి నుంచే తీసుకుంటుంది. ‘మీ’ దొరకదు. అప్పుడు వరసలో వెనక నిలబడిన ఫాంట్ల దగ్గరికి వెళ్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగుకు ఆ వరసలో ఉండేది నోటో సాన్స్ తెలుగు. అందుకే ఒకే వాక్యంలో అంకెలు వంకర్లు తిరిగి, తెలుగు మాత్రం పాత పద్ధతిలో నిటారుగా కనబడుతుంది. ‘₹’ గుర్తు సంగతి ఇంకోటి. అది 2010లో వచ్చింది. పాత ఫాంటులో అది లేకపోతే దాన్నీ వేరే ఫాంటు నుంచి ఎరువు తెచ్చుకోవాల్సిందే.

ఫాంటు తయారుచేసేవారు తెలుగు ఎందుకు పెట్టరంటే, పని భారం. ఇంగ్లిష్‌కు పెద్ద బడి, చిన్న బడి అక్షరాలు, అంకెలు, గుర్తులు కలిపినా రెండు మూడు వందల ఆకారాలతో గడిచిపోతుంది. తెలుగులో అచ్చులు, హల్లులు గీసినంత మాత్రాన ఏమీ కాదు. తలకట్టు తీసేసి గుడి పెట్టాలి, కొన్ని హల్లులకు కొమ్ము వేరేగా తగిలించాలి, ప్రతి హల్లుకూ వత్తు రూపం గీయాలి, ఏ వత్తు ఏ అక్షరం కింద ఎంత పక్కకు జరగాలో నియమాలు రాయాలి. ఆకారాలు అనేక వందలవుతాయి. ఆ నియమాలు సరిగ్గా లేని ఫాంటులో ‘స్త్రీ’ అనే మాట స, త, ర మూడు ముక్కలై పొల్లులతో విడిపోతుంది.

ఇక దారులు. సామ్‌సంగ్‌లో సెట్టింగ్స్, డిస్‌ప్లే, ఫాంట్ సైజ్ అండ్ స్టైల్, అందులో ఫాంట్ స్టైల్. ఫోన్‌తో వచ్చినవి రెండు మూడు అక్కడే ఉంటాయి. ‘డౌన్‌లోడ్ ఫాంట్స్’ నొక్కితే గెలాక్సీ స్టోర్ తెరుచుకుంటుంది. షావొమీ, రెడ్‌మీ, పోకోల్లో థీమ్స్ యాప్‌లో ఫాంట్స్ విభాగం. అప్లై చేశాక రీస్టార్ట్ అడుగుతుంది, చేయకపోతే సగం యాప్‌లలో పాతదే ఉంటుంది. వివోలో ఐ థీమ్ యాప్, ఒప్పో, రియల్‌మీల్లో థీమ్ స్టోర్. ‘ట్రయల్’ అని ఉన్న ఫాంటు కాసేపటికే తనంతట తాను పాతదానికి మారిపోతుంది. అదీ ఫోన్ లోపం కాదు. మోడల్‌ను బట్టి, సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఈ పేర్లు కొంచెం అటూ ఇటూ అవుతాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉండే వెతుకు పెట్టెలో ‘ఫాంట్’ అని కొట్టడం తేలిక.

ఐఫోన్‌లో సిస్టమ్ ఫాంటు మార్చే వీలే లేదు. ఐఓఎస్ 13 నుంచి యాప్‌ల ద్వారా ఫాంట్లు ఎక్కించుకోవచ్చు. అవి సెట్టింగ్స్, జనరల్, ఫాంట్స్‌లో కనబడతాయి కూడా. కానీ అవి పేజెస్ లాంటి, ఫాంటు ఎంచుకోనిచ్చే యాప్‌లలో రాసుకోవడానికే తప్ప మెనూలకూ మెసేజ్‌లకూ పట్టవు.

కొనేముందు చూడాల్సింది ఫాంటు పేరో బొమ్మో కాదు, వివరణలో ‘తెలుగు’ అనే మాట ఉందా అన్నది. నమూనా బొమ్మలో ఇంగ్లిష్ వాక్యమే ఉంటే లోపల ఉన్నదీ అదే అనుకోండి. స్టోర్లు ఈ వివరం తప్పనిసరిగా చూపించాలి. ఏయే లిపులు ఉన్నాయో ప్రతి ఫాంటు ఫైలులోనే ఉంటుంది, దాన్ని చదివి పేజీలో వేయడం వారికి క్షణం పని. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో డబ్బు కట్టే మనిషికి తను కొంటున్నది తన భాషకు పనికిరాదని ముందే తెలియాలి కదా.

అలంకారపు ఫాంట్లతో అసలు ఇబ్బంది అంకెల దగ్గర వస్తుంది, దీని గురించి ఎవరూ రాయరు. చేతిరాతలా ఉండే ఫాంట్లలో 1కీ 7కీ తేడా గీత మందమంతే. కొన్నిటిలో అంకెల వెడల్పులు ఒకలా ఉండవు, వరసగా ఉన్న మొత్తాలు మెట్లు మెట్లుగా జరిగిపోతాయి. ఓటీపీ, యూపీఐ మొత్తం, కరెంటు బిల్లు సర్వీస్ నంబరు అన్నీ ఈ అంకెలతోనే. ఫాంటు మార్చిన వెంటనే నోట్స్‌లో ₹1,07,710 అని కొట్టి చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చదవండి. తడబడితే ఆ ఫాంటు తీసేయండి, ఎంత ముద్దొచ్చినా సరే.

వీడియోల్లో చెప్పే అడ్డదారులు మరో రకం. ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో రీజియన్‌ను మయన్మార్‌కు మార్చి ‘దై క్యారెక్టర్స్’ ఆన్ చేయమంటారు. దై అనేది చైనా యున్నాన్ ప్రాంతపు లిపి; దాని కోసం పెట్టిన తలుపులోంచి బయటి ఫాంటును దూర్చడమన్నమాట. పనిచేయొచ్చు, కానీ రీజియన్‌తో పాటు తేదీ రాసే తీరు, థీమ్ స్టోర్‌లో దొరికే సరుకు కూడా మారతాయి. సామ్‌సంగ్‌లో బయటి ఫాంటు ఫైలును ఎక్కిస్తే ‘ఫాంట్ నాట్ సపోర్టెడ్’ అని తిప్పికొట్టడం మామూలే. ఒకసారి పట్టినా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఎగిరిపోవచ్చు. ఫోన్‌ను రూట్ చేసి, అంటే కంపెనీ పెట్టిన అడ్డు తీసేసి, సిస్టమ్ ఫోల్డర్‌లోని తెలుగు ఫాంటు ఫైలునే మార్చేస్తే తెలుగు నిజంగానే మారుతుంది. అయితే అందుకోసం, ఫోన్ ఆన్ కాగానే ముందు నడిచే బూట్‌లోడర్ తెరిచేటప్పుడు ఫోన్‌లోని డేటా అంతా చెరిగిపోతుంది, ఆ తర్వాత చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. అంత అవసరం ఎవరికీ లేదు. ఫాంటు మార్చిపెడతానని యాక్సెసిబిలిటీ అనుమతి అడిగే యాప్‌కు మాత్రం అసలు ఇవ్వొద్దు. ఆ అనుమతితో అది తెర మీద ఉన్నదంతా చదవగలదు.

‘స్టైలిష్ ఫాంట్’ కీబోర్డులు ఫాంట్లే కావు. గణితం కోసం, ప్రపంచ లిపులన్నిటికీ అక్షర సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో పెట్టిన వాలు అక్షరాలను, మందపు అక్షరాలను పేర్చి ఇస్తాయి. తెలుగుకు అలాంటి రెండో వరస లేదు కాబట్టి అక్కడ వాటి ఆటలు సాగవు. మంచిదే. అలా రాసిన పేరు వెతికితే దొరకదు, చూపు లేనివారికి చదివి వినిపించే టాక్‌బ్యాక్ దాన్ని సరిగ్గా పలకదు.

చదవడం కష్టంగా ఉందని ఫాంటు మార్చాలనుకునేవారే ఎక్కువ. వారికి కావాల్సింది కొత్త ఆకారం కాదు, సైజు. తెలుగులో ద, థ, ధ మూడింటికీ ఒంటి రూపం ఒక్కటే. కడుపులో చుక్క, కింద చిన్న గీత, వీటితోనే తేడా తెలిసేది. సైజు తగ్గితే ముందు పోయేవి అవే. బోల్డ్ పెడితే బాగుంటుందనుకుంటారు. ఫోన్‌లో విడిగా గీసిన బోల్డ్ తెలుగు ఉంటే పర్వాలేదు. లేకపోతే ఫోన్ మామూలు అక్షరాన్నే చుట్టూ ఉబ్బించి మందం చేస్తుంది, థ లోపలి చుక్క పూడుకుపోతుంది. హై కాంట్రాస్ట్ ఫాంట్స్ అనే ఆప్షన్ కూడా అక్షరం చుట్టూ గీత గీస్తుంది కాబట్టి గుండ్రటి తెలుగుకు అంతగా నప్పదు.

కాబట్టి ముందు ఫాంట్ సైజును రెండు మెట్లు పెంచండి. చాలకపోతే అప్పుడు డిస్‌ప్లే సైజు, సామ్‌సంగ్‌లోనైతే స్క్రీన్ జూమ్, ఒక్క మెట్టు. మొదటిది అక్షరాలనే పెంచుతుంది, రెండోది బటన్లను, బొమ్మలను, ఖాళీలను అన్నిటినీ కలిపి పెంచుతుంది. రెండూ చివరికంటా లాగితే ‘చెల్లించండి’ బటన్ తెర కిందికి జారిపోయి కనబడకుండా పోతుంది. అప్పుడు తగ్గించాల్సింది రెండోదాన్ని. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం దాకా పెంచే ఏర్పాటు ఉంది. చిన్నవి ఎక్కువగా, అప్పటికే పెద్దగా ఉన్న శీర్షికలు తక్కువగా పెరుగుతాయి. ఐఫోన్‌లో డిస్‌ప్లే అండ్ బ్రైట్‌నెస్‌లోని టెక్స్ట్ సైజ్ సరిపోకపోతే యాక్సెసిబిలిటీలో లార్జర్ టెక్స్ట్ ఉంది. వాట్సాప్‌కు ఆండ్రాయిడ్ ఫోన్లలో సొంతంగా సెట్టింగ్స్, చాట్స్, ఫాంట్ సైజ్ ఉంది, క్రోమ్‌కూ విడిగా ఉంది. ఒకచోట పెంచితే మరోచోట పెరగలేదని కంగారు పడనక్కర్లేదు.

ఇంత చేసినా కొన్ని యాప్‌లలో తెలుగు నలిగినట్టే ఉంటుంది. తప్పు చదివేవారిది కాదు. ఇంగ్లిష్ అక్షరం గీత మీద నిలబడుతుంది, గీత కిందికి దిగేవి కొన్నే. తెలుగులో వత్తులన్నీ కిందే, గుడి, ఏత్వం పైన. ఇంగ్లిష్ కొలతతో కట్టిన వరసలో ఇవి పట్టవు. అందుకని ఆండ్రాయిడ్‌లో తెలుగు ఫాంటును కుదించిన రూపం ఒకటి వాడుతూ వచ్చారు. పైనా కిందా నొక్కి, వత్తులను చిన్నవి చేసి, వరసలో ఇమిడ్చినది. విశాలమైన రూపం కావాలంటే యాప్ రాసేవారు ‘ఎలిగెంట్ టెక్స్ట్ హైట్’ అనే ఒక్క లక్షణాన్ని ఆన్ చేస్తే చాలు. అది 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచీ ఉంది. తెలుగు యాప్‌లలో దాన్ని ముట్టుకున్నవారు తక్కువ. 2024లో ఆండ్రాయిడ్ 15తో గూగుల్ దాన్ని తిరగేసింది: ఆ వెర్షన్‌ను లక్ష్యంగా పెట్టి కట్టిన యాప్‌లలో తెలుగు, కన్నడ, తమిళం, మలయాళం లాంటి లిపులకు ఇప్పుడు విశాల రూపమే మామూలు. అయితే యాప్‌లో అక్షరాల పెట్టె ఎత్తును గట్టిగా బిగించేసి ఉంటే విశాల రూపం వచ్చి వత్తు తెగిపోతుంది. పెట్టె ఎత్తును అక్షరాలకే వదిలేయాలి.

మంచి తెలుగు ఫాంట్లు లేవా అంటే ఉన్నాయి. సిలికానాంధ్ర, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, ధూర్జటి, పెద్దన వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. వాటి ఓపెన్ ఫాంట్ లైసెన్సు ప్రకారం ఫాంటును ఒంటిగా అమ్మకూడదు గానీ సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఎవరైనా ఇవ్వొచ్చు. ఫోన్ కంపెనీలు పైసా ఖర్చు లేకుండా వీటిని తమ ఫాంట్ల జాబితాలో చేర్చవచ్చు. అన్నీ పనికిరావు, ధూర్జటి, రామభద్ర శీర్షికలకు బాగుంటాయి, మెసేజ్ సైజులో కళ్లు లాగుతాయి. మండలి, నోటో సెరిఫ్ తెలుగు చదవడానికి హాయిగా ఉంటాయి. అవి వచ్చేదాకా, సొంత ఫాంటు పెట్టుకోనిచ్చే పుస్తక పఠన యాప్‌లలోనైనా వీటిని వాడుకోవచ్చు. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చేదాకా తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనబడితే, ఒపెరా మినీ బ్రౌజర్‌లో అక్షరాలను బొమ్మలుగా చూపే బిట్‌మ్యాప్ ఫాంట్ల ఆప్షన్ పెట్టుకుని చదువుకున్న జాతి మనది. ఈ మాత్రం అడగడం అత్యాశేమీ కాదు.

పత్రికలకు సంబంధించిన మాట ఒకటి. ‘అను’ వంటి, పేజీలు కట్టడానికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని అలాగే కాపీ చేసి ఫోన్‌కు పంపితే పిచ్చి గుర్తులే వస్తాయి. ఏ ఫాంటు మార్చినా అది బాగుపడదు, యూనికోడ్‌లోకి మార్చి పంపాల్సిందే. మీ విలేకరులూ సిబ్బందీ పంపే వాట్సాప్ ప్రకటనల్లో ఇది ఇంకా కనబడుతోంది.

మీ పత్రిక యాప్‌ను కూడా ఒకసారి పరీక్షించమని మనవి. ఫోన్‌లో ఫాంట్ సైజును చివరి మెట్టుకు పెట్టి, ‘లక్ష్మి’, ‘జ్యోత్స్న’ అనే పేర్లున్న శీర్షికను తెరవండి. క్షి కింద మవత్తు పూర్తిగా కనబడాలి.

ఇట్లు,
తెలుగు ఫాంట్ల పని తెలిసిన ఒక పాఠకుడు,
హైదరాబాద్