డాబా మీద వడియాలకు జరిమానా, గేటు దగ్గర మా అమ్మాయికి అడ్డు: నిర్వహణ సంస్థకు ఫిర్యాదు

బాచుపల్లి, హైదరాబాద్
తేది: 12 మే 2025

స్వీకర్త:
మేనేజింగ్ డైరెక్టర్ గారు,
మా గేటెడ్ కమ్యూనిటీ నిర్వహణ సంస్థ, ప్రధాన కార్యాలయం

విషయం: సి బ్లాకు డాబా మీద ఆరబెట్టిన వడియాలను తొలగించి రూ. 1,180 జరిమానా వేయడం, అది చెల్లించలేదని గేటు యాప్‌లో మా ఫ్లాటును నిలిపివేయడం, నివాసుల సమ్మతి లేని నియమావళిని అమలు చేయడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

నేను సి బ్లాకు తొమ్మిదో అంతస్తులో 1,450 చదరపు అడుగుల ఫ్లాటుకు యజమానిని. స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖలో 33 సంవత్సరాలు పనిచేసి సబ్ రిజిస్ట్రారుగా పదవీ విరమణ చేశాను. దస్తావేజులో ఏముందో, ఏమి లేదో చూడడమే ఇన్నేళ్లూ నా ఉద్యోగం. అందువల్ల మీ ఎస్టేట్ మేనేజరు గారు ప్రతి విషయానికీ "అగ్రిమెంట్లోనే ఉంది సార్" అన్నప్పుడు ఆ మాటను గాలికి వదిలేయకుండా, ఇంటికి వెళ్లి బీరువా తీసి, సేల్ అగ్రిమెంటునూ రిజిస్టరైన సేల్ డీడునూ మొదటి పేజీ నుంచి షెడ్యూలు దాకా రెండుసార్లు చదివాను. ఆయన చెప్పినది అందులో లేదు. ఎస్టేట్ కార్యాలయానికి రెండుసార్లు రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదులకు జవాబు రాలేదు కనుక ఈ లేఖ నేరుగా మీకు రాస్తున్నాను.

జరిగిన సంగతి ఇది. ఏప్రిల్ 26, శనివారం సాయంత్రం మా ఇంట్లో ఒక పెద్ద బూడిద గుమ్మడికాయను ముక్కలుగా తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటకట్టి, నీరు దిగడానికి రాత్రంతా దాని మీద రుబ్బురోలు పొత్రం బరువు పెట్టి ఉంచారు. మర్నాడు తెల్లవారుజామున కిలో మినపగుళ్ల పిండి రుబ్బి ముక్కలు కలిపారు. 5 గంటల 50 నిమిషాలకు నేనే కింద సెక్యూరిటీ గదికి వెళ్లి, తాళాల రిజిస్టరులో సంతకం చేసి, "వడియాలు పెట్టడానికి" అని కారణం కూడా రాసి డాబా తాళంచెవి తీసుకున్నాను. ఆ రిజిస్టరు పేజీకి ఫోటో జతచేస్తున్నాను. లిఫ్టు గది పక్కన, ఎవరి దారికీ అడ్డం లేని మూల, మా అమ్మగారి పాత నేతచీర పరిచి నా భార్య వడియాలు పెట్టింది. ఏడున్నరకల్లా పని ముగిసింది.

పదింటికి కాకులు వాలుతున్నాయేమో చూద్దామని నేను పైకి వెళ్లేసరికి అక్కడ చీర లేదు, వడియాలు లేవు. విచారించగా, మీ సెక్యూరిటీ సూపర్‌వైజరు చీర నాలుగు కొసలూ పట్టి మూటగా ఎత్తి బేస్‌మెంటులో చెత్తడబ్బాల పక్కన పెట్టించారని తెలిసింది. అప్పటికి వడియాల పైపొర కూడా ఆరలేదు. మూట విప్పితే అంతా ఒకే ముద్ద. నా భార్యకు అరవై నాలుగేళ్లు. రాత్రి పదకొండింటి దాకా మేల్కొని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆ పని చేసిన మనిషి ఆ ముద్దను చూసి ఒక్క మాట కూడా అనకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది. ఇంటికి ఒక్క ఫోను చేసి "తీసుకెళ్లండి" అని చెబితే అయిదు నిమిషాల్లో తీసుకెళ్లేవాళ్లం. రిజిస్టరులో మా ఫ్లాటు నంబరు ఉంది, యాప్‌లో మా ఫోను నంబరు ఉంది.

ఆ మర్నాడు యాప్‌లో మా ఖాతాకు "నియమావళి 14వ అంశం ఉల్లంఘన" అంటూ వెయ్యి రూపాయల జరిమానా చేరింది. దాని కింద 18 శాతం జీఎస్టీ కలిపి మొత్తం 1,180 రూపాయలు. ఇన్నాళ్ల ఉద్యోగంలో అపరాధ రుసుములు ఎన్నో చూశాను, విధించాను కూడా. మా సొంత సొత్తును చెత్తడబ్బాల దాకా మోసిన శ్రమను మాకు అందించిన సేవగా లెక్కకట్టి, దాని మీద పన్ను వేయడం మాత్రం ఇదే చూడడం.

ఇక 14వ అంశం గురించి. పదకొండు పేజీల నియమావళి, పూర్తిగా ఇంగ్లీషులో, 2024 అక్టోబరులో అందరికీ ఈమెయిలుగా వచ్చింది. కింద "మేనేజ్‌మెంట్" అని మాత్రమే ఉంది. సంతకం లేదు, తీర్మానం సంఖ్య లేదు, ఏ సమావేశంలో ఆమోదించారో లేదు. సమావేశమే జరగలేదు కనుక ఉండే అవకాశమూ లేదు. నా సేల్ డీడులో ఫ్లాటుతో పాటు భూమిలో 46 చదరపు గజాల అవిభాజ్య (విడదీయని ఉమ్మడి) వాటా ఉంది. మెట్లు, కారిడార్లు, లిఫ్టులు, డాబా ఉమ్మడి ప్రాంతాలుగా రాసి ఉన్నాయి. 312 ఫ్లాట్ల యజమానులం కలిసి కూర్చుని డాబా మీద ఏమి ఆరబెట్టవచ్చో, ఏమి కూడదో నిర్ణయించుకుంటే, అది నాకు నచ్చినా నచ్చకపోయినా తలవంచుతాను. ఉమ్మడి ఆస్తిలో ఉండడమంటే అదే. కానీ ఆ డాబాలో మీ సంస్థకు చదరపు అంగుళం వాటా లేదు. ఉమ్మడి స్థలాన్ని శుభ్రంగా, భద్రంగా ఉంచడానికి జీతం తీసుకునేవారు ఆ స్థలం యజమానులకు శిక్షలు వేయడం ఏ దస్తావేజు ప్రకారమో దయచేసి తెలపండి.

డాబా మీద ఆహార పదార్థాలు పెడితే పావురాలు చేరతాయని, వాటర్‌ప్రూఫింగ్ పొర పాడవుతుందని మీ మేనేజరు గారు కారణాలు చెప్పారు. పావురాల సంగతి నేను ఒప్పుకుంటాను. వాటి బెడద మా బ్లాకులో నిజంగానే ఉంది, వల కట్టిన ఒక మూలను వేసవి రెండు నెలలూ కేటాయిస్తే అది తీరుతుంది. రెండో కారణం మాత్రం మింగుడు పడలేదు. అదే డాబా మీద, మా చీర పరిచిన చోటికి ఇరవై అడుగుల దూరంలో, నిరుడు మీరు ఒక టెలికాం టవరుకు అనుమతి ఇచ్చి, దాని దిమ్మెల కోసం అదే పొరలోకి డ్రిల్లింగ్ చేయించారు. ఆ తరువాతి వానాకాలంలో పదో అంతస్తు వారి పడకగది పైకప్పు చెమ్మగిల్లింది. ఆ టవరు అద్దె నెలకు ఎంత, ఏ ఖాతాలో జమ అవుతోంది అన్నది ఇంతవరకు ఏ లెక్కల్లోనూ చూపలేదు. వడియాలకు పనికిరాని డాబా టవరుకు ఎలా పనికివచ్చిందో నాకు బోధపడడం లేదు.

జరిమానా చెల్లించనని ఏప్రిల్ 30న రాసి ఇచ్చాను. మే 3 నుంచి యాప్‌లో మా ఫ్లాటు పక్కన ఎర్ర గుర్తు వచ్చింది. దాని అర్థం మే 5న తెలిసింది. విశాఖపట్నం నుంచి మా అమ్మాయి ఎనిమిది నెలల పాపతో వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. ఎర్ర గుర్తు ఉన్న ఫ్లాటుకు అతిథులను పంపవద్దని ఆదేశం ఉందని చెప్పి కాపలాదారు క్యాబును గేటు బయటే ఆపాడు. నేను కిందికి దిగి, ఎస్టేట్ కార్యాలయానికి వెళ్లి, మేనేజరు గారు భోజనం నుంచి వచ్చే దాకా వేచి ఉండి, వారిని లోపలికి తెచ్చుకునేసరికి 35 నిమిషాలు పట్టింది. కాపలాదారు మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ కుర్రవాడు తన కుర్చీ నీడలోకి జరిపి పాపతో అమ్మాయిని కూర్చోబెట్టాడు, ఆ పని చేసినందుకు అతణ్ణి ఏమీ అనవద్దని మనవి. నా అభ్యంతరం ఆదేశం ఇచ్చినవారి మీద. మెయింటెనెన్సు నేను ఒక్క నెల కూడా బాకీ లేను. వివాదంలో ఉన్న ఒక జరిమానా వసూలు కోసం నా ఇంటికి నా కూతురు రాకను అడ్డుకునే అధికారం మీకు ఎక్కడిది?

నియమాలంటేనే గిట్టని మనిషి అని నన్ను అనుకోవద్దు. కారిడార్లలో చెప్పుల స్టాండ్లు తీయించాలని, మంటలు లేస్తే జనం పరుగెత్తవలసిన దారి అదేనని మొట్టమొదట రాసి ఇచ్చింది నేనే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా డ్రిల్లింగు వద్దన్న నియమం బంగారం లాంటిది. బాల్కనీ రెయిలింగు మీదుగా దుప్పట్లు వేలాడదీసి కింది ఇంటివారి నెత్తిన నీళ్లు కార్చడం తప్పే. అయితే రెయిలింగు కన్నా కిందికి, బయటికి కనిపించని ఎత్తులో, బాల్కనీ లోపలి తీగ మీద ఆరేసిన తువ్వాలు కూడా "ముఖభాగం అందాన్ని" పాడుచేస్తుందనడం మితిమీరిన పెత్తనం. మీరు కట్టించి ఇచ్చిన యుటిలిటీ (బట్టలు ఉతికి ఆరేసుకునే చోటు) ఉత్తరం వైపు ఉంది. అక్కడ ఆరేసిన బట్ట రెండో రోజుకు కూడా చెమ్మ వాసన వేస్తుంది.

లిఫ్టు విషయం వడియాల కన్నా పెద్దది. ఇళ్లలో పనిచేసేవారు సర్వీసు లిఫ్టునే వాడాలని నియమావళిలో 22వ అంశం. మా బ్లాకు సర్వీసు లిఫ్టు ఫిబ్రవరిలో పన్నెండు రోజులు, మార్చిలో తొమ్మిది రోజులు ఆగిపోయింది. ఆ రోజుల్లో మా ఇంట్లో పనిచేసే ఆవిడ, మోకాళ్ల నొప్పులతో, తొమ్మిది అంతస్తులు మెట్లెక్కి వచ్చింది. పక్కన రెండు లిఫ్టులు ఖాళీగా తిరుగుతున్నా ఎక్కనివ్వలేదు. నేను వెంట ఉండి ఎక్కిస్తే నాకు హెచ్చరిక పంపారు. సామాను మోతకు వేరే లిఫ్టు ఉండడం సబబే. మనుషులను వారు చేసే పనిని బట్టి వేరు చేయడం ఈ ఊళ్లో, ఈ కాలంలో రాతపూర్వకంగా, లామినేషను చేసి లిఫ్టు తలుపు మీద అంటించదగిన మాట కాదు. అదే కాగితం మీద పెంపుడు కుక్కలను కూడా లిఫ్టుల్లోకి తీసుకురాకూడదని ఉంది. నాకు కుక్కలంటే భయం, అది వచ్చే లిఫ్టును వదిలేసి నేనే తరువాతి దానికి ఆగుతాను. అయినా భారత జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం అలాంటి నిషేధం నివాసుల సంఘాలే విధించకూడదు. సంఘానికే లేని హక్కు కంపెనీకి ఉండదు.

చట్టం సంగతి క్లుప్తంగా ప్రస్తావిస్తాను. 2016 నాటి రెరా చట్టం (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం) 11వ సెక్షను ప్రకారం, యజమానుల సంఘం నిర్వహణ బాధ్యత తీసుకునే దాకా సమంజసమైన ఛార్జీలకు అవసరమైన సేవలు అందించవలసిన బాధ్యత బిల్డరుది. ఆ సంఘం ఏర్పడేటట్లు చూడవలసిన బాధ్యత కూడా అదే సెక్షను ఆయన మీదనే పెట్టింది. స్థానిక చట్టంలో వేరే గడువు లేనిచోట ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, భవనంలో నివసించవచ్చన్న ధ్రువపత్రం) వచ్చిన మూడు నెలల్లో ఉమ్మడి ప్రాంతాలను సంఘానికి అప్పగించాలని 17వ సెక్షను చెబుతోంది. మా ప్రాజెక్టుకు ఓసీ వచ్చింది 2022 ఆగస్టులో. మీరు బిల్డరు గారి అనుబంధ సంస్థ. ఈ దాదాపు మూడేళ్లలో సంఘం గురించి అడిగిన ప్రతిసారీ "అన్ని ఫ్లాట్లూ అమ్ముడు కానివ్వండి" అన్నారు. సంఘం ఉంటే నియమావళి మా చేతుల్లో ఉండేది, టవరు అద్దె మా ఖాతాలో ఉండేది.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. చదరపు అడుగుకు మూడున్నర చొప్పున నా మెయింటెనెన్సు నెలకు 5,075 రూపాయలు, దానిమీద జీఎస్టీ 913 రూపాయల 50 పైసలు. లాభాపేక్ష లేని నివాసుల సంఘం తన సభ్యుల నుంచి నెలకు 7,500 లోపు వసూలు చేస్తే జీఎస్టీ మినహాయింపు ఉంది. ప్రైవేటు కంపెనీ వసూలు చేస్తే లేదు. సంఘం ఏర్పడని ప్రతి నెలా నా ఒక్క ఇంటి బిల్లు మీదనే ఆ తొమ్మిది వందల చిల్లర పోతోంది. రిజిస్ట్రేషను నాడు చదరపు అడుగుకు 50 రూపాయల చొప్పున నేను కట్టిన 72,500 రూపాయల కార్పస్ ఫండు (భవిష్యత్తు అవసరాల మూలనిధి) ఏ బ్యాంకులో, ఎంత వడ్డీతో ఉందో కూడా ఇంతవరకు చెప్పలేదు.

కాబట్టి, ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా 1,180 రూపాయల జరిమానాను రద్దు చేసి, ఆ మేరకు సవరించిన ఖాతా వివరం పంపవలసిందిగా కోరుతున్నాను. గేటు యాప్‌లో ఎర్ర గుర్తును మాత్రం పదిహేను రోజుల దాకా ఆగకుండా ఈ రోజే తొలగించాలి. మా పాపకు టీకా వేయించడానికి ఈ వారమే బయటికి వెళ్లి రావలసి ఉంది. లిఫ్టు తలుపు మీది కాగితాన్ని తీయించండి. యజమానుల సర్వసభ్య సమావేశం ఆమోదించే దాకా జరిమానాలున్న అంశాలేవీ అమలు చేయబోమని రాతపూర్వకంగా తెలపండి. ఆ సమావేశానికీ, సంఘం రిజిస్ట్రేషనుకూ ఒక తేదీ చెప్పండి. బైలాస్ (సంఘం నిబంధనలు) ముసాయిదా తెలుగులో రాసిపెట్టే పని ఉచితంగా నేను చేస్తాను. కార్పస్ ఫండు, టవరు అద్దె లెక్కల నకళ్లు ఇప్పించండి. గడువులోగా జవాబు రాని పక్షంలో తెలంగాణ రెరా ప్రాధికార సంస్థలోనూ, జిల్లా వినియోగదారుల కమిషనులోనూ ఫిర్యాదు దాఖలు చేస్తాను. ఇప్పటికే మా బ్లాకులో 27 మంది యజమానులు ఇదే విషయమై సంతకాలు చేశారు.

చివరిగా ఒక చిన్న వస్తువు. వడియాల ముద్దను మేమే పారవేశాము. దానికి వెల కట్టి అడగడం లేదు. మా అమ్మగారి చీరను మాత్రం మీ సూపర్‌వైజరు "సాక్ష్యం" అని ఎస్టేట్ కార్యాలయంలో ఉంచుకున్నారు. ముదురు ఆకుపచ్చ రంగు, ఎర్ర అంచు, ఒక కొస దగ్గర రఫ్ఫు చేసిన జాగా ఉంటుంది. ఉతకకుండా అలాగే మూటకడితే పిండి పులిసి బట్ట చివికిపోతుంది. దానిని వెంటనే తిరిగి ఇప్పించగలరు.

భవదీయుడు,
(సంతకం)
ఫ్లాటు యజమాని, సి బ్లాకు, తొమ్మిదో అంతస్తు

జతపరచినవి: తాళాల రిజిస్టరు పేజీ ఫోటో, ఏప్రిల్ నెల ఖాతా వివరం, ఏప్రిల్ 30 నాటి లేఖ నకలు, సేల్ డీడు షెడ్యూలు పేజీల నకళ్లు, లిఫ్టు తలుపు మీది నోటీసు ఫోటో, 27 మంది యజమానుల సంతకాల పత్రం.