రాత్రి పూట మీ కొలిమి నుంచి వస్తున్న దుమ్ము గురించి ఫిర్యాదు

విజయనగరం జిల్లా,
10 ఫిబ్రవరి 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ఫెర్రో మాంగనీసు కర్మాగారం.

అయ్యా,

నమస్కారం. ఉక్కులో కలిపే ఫెర్రో మాంగనీసును తయారు చేసే మీ కర్మాగారం ప్రహరీ గోడకు నైరుతి దిక్కున, గెడ్డ (వాగు) దాటగానే కనిపించే నాలుగెకరాల మామిడి తోట నాది. ఎక్కువ భాగం సువర్ణరేఖ, కొన్ని బంగినపల్లి, గట్టు మీద మా నాన్న నాటిన నాలుగు పణుకుల చెట్లు. గత మార్చిలో మీకు ఒక ఉత్తరం రాశాను. ‘మా సంస్థ అన్ని నిబంధనలకూ లోబడి నడుస్తోంది’ అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. ఆ వాక్యం పగటి వేళకు సరిపోతుంది. నా ఫిర్యాదు రాత్రి వేళ గురించి.

పగలు మీ చిమ్నీని చూస్తే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. పొగ ఉందో లేదో తెలియనంత పలచగా ఉంటుంది. రాత్రి పదకొండు దాటాక కథ మారుతుంది. కొలిమి షెడ్డు కప్పు సందుల్లోంచి గోధుమ రంగు పొగ మేఘంలా లేచి, మీ దీపాల వెలుగులోనే సుడులు తిరుగుతూ గెడ్డ మీదుగా మా వైపు వాలుతుంది. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు అయ్యేసరికి ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది. డిసెంబరు 1 నుంచి జనవరి 31 వరకు నేను నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. 62 రాత్రుల్లో 11 రాత్రులు ఊళ్లో లేకనో, నిద్ర పట్టేసో చూడలేదు. చూసిన 51 రాత్రుల్లో 38 సార్లు ఇదే జరిగింది. పొగలోని దుమ్మును పట్టే మీ బ్యాగ్ ఫిల్టరు చెడిపోయిందా, సంచులు చిరిగాయా, కరెంటు మిగుల్చుకోవడానికి ఫ్యాను ఆపుతున్నారా అన్నది గోడ బయట ఉన్న నేను చెప్పలేను. అయితే చెడిపోయిన యంత్రం గడియారం చూసుకుని చెడిపోదు కదా.

అది మీ దుమ్మే అనడానికి రుజువేమిటని అడుగుతారు. రుజువు పెద్ద చదువు అక్కర్లేనిది. పాత పంచె ఒకటి చించి, జానెడు ముక్కలు చేసి, రోజూ సాయంత్రం మా డాబా మీద ఒక పళ్లెం బోర్లించి దాని మీద ఒక ముక్క పరిచి కట్టాను. పొగ వచ్చిన రాత్రి తెల్లారి చూస్తే గుడ్డ మీద ఒక పొర పడి ఉంటుంది. రంగు ఇటుక పొడికీ కాఫీ పొడికీ మధ్యలో. వేలు ఆనించి తీస్తే వేలిముద్రలోని గీతలు లెక్కపెట్టవచ్చు. రెండు వేళ్ల మధ్య నలిపితే ముఖానికి రాసుకునే పౌడరులా జారుతుంది. రోడ్డు మీది దుమ్ము అలా జారదు, గరగరలాడుతుంది. సంక్రాంతికి మీ కొలిమిని మరమ్మతు కోసం నాలుగు రోజులు ఆపారు. జనవరి 13 నుంచి 16 వరకు, అదే ఊరు, అదే డాబా, రోడ్డు మీద పండగ బళ్లు మామూలు కన్నా ఎక్కువ. ఆ నాలుగు రోజులూ గుడ్డ తెల్లగానే ఉంది. భోగి నాడు మాత్రం మంటల మసి కాస్త పడింది. అది రేకులు రేకులుగా ఉంటుంది, ఊదితే ఎగిరిపోతుంది. మీ దుమ్ము ఊదితే పోదు, తడిపితే మరక కడుతుంది.

నా మొదటి ఉత్తరం తరువాత మీ ఉద్యోగి ఒకరు తోటకు వచ్చారు. మర్యాదస్తుడే, ఇచ్చిన మజ్జిగ తాగాడు. ఒక ఆకు తుంచి చూసి, ‘ఇది మసి తెగులండీ, తేనె మంచు పురుగుకు మందు కొట్టండి’ అని సలహా ఇచ్చి వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా మామిడి పెంచుతున్నవాడికి మసి తెగులు తెలియదా? తేనె మంచు పురుగు ఆకు రసం పీల్చి తీపి జిగురు విసర్జిస్తే, ఆ జిగురు మీద నల్లటి బూజు పెరుగుతుంది. అది ఆకుకు అంటుకుని ఉంటుంది, ఎండితే పొరలా లేస్తుంది. ఆ జిగురు కోసం చీమలు కూడా చేరతాయి. మా ఆకుల మీద ఉన్నది నలుపు కాదు, జిగురు లేదు, చీమ లేదు. పైగా మా డాబా మీది పళ్లేనికి తేనె మంచు పురుగు ఎక్కడి నుంచి పట్టిందో కూడా ఆయనే చెప్పాలి.

ఇప్పుడు పూత మీద ఉన్నాం. ఈ సమయంలో ఆ పొడి ఏం చేస్తుందో రాస్తాను, ఎందుకంటే ‘కాస్త దుమ్ము పడితే ఏమవుతుంది’ అన్న మాట మీ గేటు దగ్గర రెండు సార్లు విన్నాను. ఆకు గాలి పీల్చేది కంటికి కనబడని సన్నటి రంధ్రాల ద్వారా. సన్నటి పొడి ఆ రంధ్రాలను పూడుస్తుంది, పైన పేరుకున్నది ఎండ ఆకుకు అందకుండా చేస్తుంది. ఎండా గాలీ సరిగా అందని ఆకు చెట్టుకు కడుపు నిండా వండిపెట్టలేదు. ఇక పూవు. మామిడి పూతలో పరాగం మోసేది ఎక్కువగా ఈగలు, వాటితో పాటు తేనెటీగలు. పూవులో పరాగాన్ని అందుకునే కొన, అంటే కీలాగ్రం మీద ముందే మీ పొడి పడి ఉంటే, ఈగ తెచ్చిన పరాగానికి చోటుండదు. సూదిమొన అంత చోటు అది. ఈ ఏడాది మీ వైపు వరుసల్లో ఈగల రొద తగ్గింది. నా చెవులకు తెలిసిన మాట ఇది, కొలిచి చెబుతున్నది కాదు. పిందె నష్టమంతా మీ ఖాతాలోనే రాయను. మంచు ఉంది, పురుగూ ఉంది, వాటి వాటా వాటిది. కానీ ఒకే వయసు చెట్లు, ఒకే ఎరువు, ఒకే నీరు. గెడ్డ వైపు వరుసల్లో పూత మాడి రాలుతోంది, లోపలి వరుసల్లో నిలుస్తోంది. నిరుడు కొత్తవలస మార్కెట్టులో వ్యాపారి ఆ వరుసల కాయలను వేరుగా పోయించి ధర తగ్గించాడు. సువర్ణరేఖకు తొడిమ దగ్గర ఉండే ఎరుపే అందం. ఆ ఎరుపు మీదే తొడిమ గుంటలో మీ గోధుమ మరక కూర్చుంటుంది.

మా ఆవు ఆ వరుసల కింది గడ్డి ముట్టడం మానేసింది. గడ్డి కోసి, కుళాయి కింద కడిగి, ఆరబెట్టి వేస్తే తింటోంది. మనుషులకు ఆ సౌకర్యం లేదు, గాలిని కడిగి పీల్చలేం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. మీలాంటి కొలిముల పొగలో చాలా రేణువులు ఒక మైక్రాన్ కంటే చిన్నవి. ముక్కు వెంట్రుకలు వాటిని ఆపలేవు, ఊపిరితిత్తుల చివరి గాలి సంచుల దాకా పోతాయి. అందుకే మన జాతీయ ప్రమాణాలు 2.5 మైక్రాన్ల లోపు రేణువులకు వేరే హద్దు పెట్టాయి: 24 గంటల సగటు ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు దాటకూడదు. మీ గేటు బోర్డు మీద వెలిగే అంకె ఎప్పుడూ దాని లోపలే ఉంటుంది. సగటు అనే మాటలో ఉన్న సుఖం అదే. పద్దెనిమిది గంటల శుభ్రత ఆరు గంటల మురికిని కడుపులో దాచుకుంటుంది. శీతాకాలపు రాత్రి నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా నిలుస్తుంది. పగలు లేచి చెదిరిపోయే పొగ ఆ వేళ లేవలేక ఊరి మీదే పరుచుకుంటుంది. సరిగ్గా ఆ వేళనే మీరు ఎంచుకున్నారు.

మీ దుమ్ములో ఉండే మాంగనీసు శరీరానికి కొంచెం అవసరమే, చెట్టుకూ అవసరమే. తిండితో వచ్చింది ఎక్కువైతే కాలేయం బయటకు పంపుతుంది. పొడిగా ఏళ్ల తరబడి పీల్చింది మెదడులో చేరుతుంది. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. 1837లో గ్లాస్గోలో కూపర్ అనే వైద్యుడు మాంగనీసు ఖనిజం నూరే కూలీల్లో చూసి రాశాడు: కాళ్లలో బలం తగ్గడం, నడిస్తే ముందుకు తూలడం, మాట గుసగుసగా మారడం. మా ఊళ్లో ఎవరికైనా అలా ఉందని నేను అనడం లేదు. కొలిమి నుంచి లోహం వదిలే వేళ మీ కూలీలు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని నిలబడటం మాత్రం మీ వెనక గేటు నుంచి అందరికీ కనబడుతుంది. తువ్వాలు ఒక మైక్రాన్ రేణువును ఆపదు. వాళ్లలో మా ఇంటి పిల్లవాడూ ఉన్నాడు. ఈ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా వాడు చెప్పింది కాదు, వాడికి ఈ సంగతే తెలియదు. దయచేసి ఆ దారిన వెతకవద్దు.

కర్మాగారం మూసేయమని నేను అడగడం లేదు. మాంగనీసు ఈ నేలకు కొత్త కాదు. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఇప్పటి మా జిల్లా నేలలోనే. మీ జీతాలతో మా ఊళ్లో పెళ్లిళ్లు జరిగాయి, డాబాలు లేచాయి. నేను అడిగేది మీరు ఇదివరకే డబ్బు పెట్టి కొన్న యంత్రాన్ని రాత్రి కూడా నడపమని.

బ్యాగ్ ఫిల్టరు పని మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, సంతకాలు పెట్టేవారు చూసి ఉండకపోవచ్చు కాబట్టి రాస్తున్నాను. పెద్ద ఫ్యాను పొగను లాగి వందల గుడ్డ సంచుల గుండా పంపుతుంది. దుమ్ము సంచి మీద ఆగిపోతుంది, గాలి దాటిపోతుంది. నిర్ణీత వ్యవధికి ఒత్తిడి గాలి కొట్టి ఆ దుమ్మును కింద గరాటులోకి రాలుస్తారు. సంచి చిరిగితే మార్చాలి, పొగ మరీ వేడిగా ఉంటే ముందు చల్లార్చాలి. ఖర్చు ఉంది, కాదనను. కానీ ఒక టన్ను ఫెర్రో మాంగనీసుకు కొలిమి తాగేదే సుమారు 2,500 నుంచి 3,000 యూనిట్ల కరెంటు. దాని పక్కన ఫ్యాను తాగేది చిన్న వాటా. ఏనుగును మేపుతూ అంకుశానికి డబ్బుల్లేవన్నట్టు ఉంది. ఇంకొక సంగతి: ఆ గరాటులో పడే దుమ్ములో మాంగనీసు ఉంటుంది. దాన్ని తడిపి ఇటుకలుగా నొక్కి మళ్లీ కొలిమిలో వేయవచ్చు, ఆ పని చేసే కర్మాగారాలు ఉన్నాయి. నా పూత మీద పడుతున్నది మీ ముడిసరుకే.

మిగతావి చిన్న పనులు. ఖనిజం లారీలకు టార్పాలిన్ కప్పించండి, యార్డులో నీళ్లు చల్లించండి. కొలిమి నుంచి వచ్చే వ్యర్థం, ఆ చిట్టెం కుప్పను గెడ్డ గట్టు నుంచి వెనక్కి జరిపి, కింద నీరు ఇంకని గచ్చు, చుట్టూ కాలువ కట్టించండి. వానకు అందులోంచి కారేది నేరుగా గెడ్డలోకి, అక్కడి నుంచి చెరువులోకి పోతోంది. చెరువు అడుగు బురదలో ప్రాణవాయువు తగ్గినప్పుడు మాంగనీసు కరిగి నీటిలోకి వస్తుంది. తాగే నీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము వరకే మంచిదని మన ప్రమాణం చెబుతోంది. మా బావి నీటి మీద ఇప్పుడే ఏమీ అనను. గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో మీ ఖర్చుతో పరీక్ష చేయించి, ఫలితం పంచాయతీ గోడకు అంటించండి. విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన రోజు హైస్కూలు మైదానంలో మీరు చూపించిన పటంలో గోడ చుట్టూ పచ్చటి పట్టీ ఉంది. నేడు గేటు దగ్గర రెండు వరుసల కోనోకార్పస్ చెట్లు ఉన్నాయి, నైరుతి మూల ఖాళీగా ఉంది. దుమ్ము వచ్చే వైపు వదిలేసి అతిథులు వచ్చే వైపు నాటడం ఏ పటంలోదో తెలియదు. వేప, కానుగ, రావి నాటండి. మొక్కలు కావాలంటే నేనే ఇస్తాను.

30 రోజుల్లో నాకు మూడు సంగతులు కాగితం మీద కావాలి. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మీ చిమ్నీ రికార్డు, సగటు కాకుండా గంట గంటకూ. అవే రాత్రుల్లో ఫిల్టరు ఫ్యానుకు వాడిన కరెంటు లెక్క. అలాగే పర్యావరణ అనుమతి షరతుల అమలు మీద ఏటా జూన్ 1న, డిసెంబరు 1న మీరు సమర్పించాల్సిన నివేదికల నకళ్లు. ఇవి ప్రజా పత్రాలని కేంద్రం పర్యావరణ అనుమతుల మీద ఇచ్చిన 2006 నోటిఫికేషనే చెబుతోంది కాబట్టి దాచవలసిన పని లేదు. పూత నిలిచే ఈ మూడు వారాలు మాత్రం 30 రోజుల దాకా ఆగలేవు. ఫిల్టరు ఈ రాత్రి నుంచే నడపండి. ఈ ఉత్తరం నకలు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికీ, కలెక్టరు గారికీ పంపుతున్నాను. జవాబు మళ్లీ ఒక్క వాక్యమే అయితే, నోటు పుస్తకం పట్టుకుని చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ బెంచికి వెళ్తాను. రైలు ఛార్జీలు నిరుటి కాయల మీద పోయిన డబ్బు కన్నా తక్కువే.

దీనితో రెండు గుడ్డ ముక్కలు పంపుతున్నాను. మూలన పెన్నుతో తేదీలు రాసి ఉన్నాయి. తెల్లది జనవరి 15, కనుమ నాటిది. గోధుమ రంగుది జనవరి 19 నాటిది, మీ కొలిమి మళ్లీ వెలిగాక మూడో ఉదయం తీసినది. మీ ప్రయోగశాలలో దాని మీది పొడిని పరీక్షించండి. ఉతికించవద్దు. అదే ఉదయం దాని పక్కనే పరిచిన ఇంకొక ముక్క నా దగ్గర భద్రంగా ఉంది.

ఇట్లు,
గెడ్డ అవతలి మామిడి తోట రైతు