పొయ్యి ఎక్కడైనా పెట్టుకోవచ్చు, సింకే దొరకదు

ఒరేయ్,

నీ మెసేజ్ చూసి మూడు రోజులైంది, ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతానని కూర్చుని రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదువుకో. వంటింటి పని పెట్టుకుంటున్నాం, ఇంట్లోనే ఉండి చేయించుకోవాలా, పని అయ్యేదాకా వేరే ఇల్లు చూసుకోవాలా అని అడిగావు కదా. మేం ఇంట్లోనే ఉన్నాం. మేస్త్రీ మూడు వారాలన్నాడు, మొత్తం 52 రోజులు పట్టింది. ఉండగలరా అంటే ఉండగలరు, కానీ ఒక్క పని ముందే చేసి పెట్టుకోవాలి, అది మేం చేసుకోలేదు, అందుకే మొదటి పన్నెండు రోజులు ఇంట్లో ఎవరికీ మనసు మనసులో లేదు.

మొదలయ్యే ముందు ఎవరిని కదిపినా పొయ్యి గురించే అడిగారు, వంట ఎలా చేసుకుంటారు అని. మేం కూడా దాని గురించే ఆలోచించాం. హాల్లో కిటికీ పక్కన బల్ల వేసి, ఇండక్షన్ పెట్టి, ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టి, గిన్నెలు సగం అట్టపెట్టెల్లో కట్టేసి, చాలా తెలివిగా సర్దుకున్నాం అనుకున్నా. నిజంగానే వంట ఆగలేదు రా, రెండో రోజు సాయంత్రానికే అలవాటైపోయింది. ఆగింది నీళ్ళు. వండటానికి అరగంట పడితే దాని చుట్టూ కడగడం గంట ఉంటుంది, చేతులు, కత్తి, కూరగాయలు, గిన్నెలు, తుడిచిన గుడ్డ, వంట అంటే సగం పైన కడగడమేనని సింక్ పోయాక కానీ నాకు తెలియలేదు.

దీని వెనక ఇంకో సంగతి ఉంది, అది ఎవరూ ముందు చెప్పరు. పగలగొట్టే రోజు మొట్టమొదట ఊడేది సింకే, తిరిగి వచ్చేది మాత్రం అన్నిటికన్నా చివర్లో. ఎందుకంటే ముందు గోడలు కోసి పైపులు, వైర్లు వేయాలి, తర్వాత ప్లాస్టరింగ్, అది ఆరాలి, తర్వాత టైల్స్, తర్వాత కింది క్యాబినెట్లు లెవెల్ చూసి బిగించాలి, బిగించాకే రాయి వాళ్ళు వచ్చి గట్టుకి కొలత తీసుకుంటారు, ఎందుకంటే కాగితం మీద గీసిన కొలతకి నిజం గోడ ఎప్పుడూ సరిపోదు. ఆ కొలతకి రాయి కోసి సింక్‌కి కన్నం పెట్టి తేవాలి, అది కూర్చున్నాకే సింక్, సింక్ కూర్చున్నాకే కుళాయి, కింద ట్రాప్ అనే వంపు పైపు, చుట్టూ సిలికాన్, ఆ సిలికాన్ ఆరడానికి మళ్ళీ ఒక రోజు. మధ్యలో ఏ ఒక్కడు రెండు రోజులు రాకపోయినా ఆ రెండు రోజులూ సింక్ ఖాతాలోనే పడతాయి. పొయ్యి అలా కాదు, ప్లగ్ ఉన్న చోటల్లా పెట్టుకోవచ్చు.

మేం బాత్‌రూమ్‌లో కడిగాం. ఒకటి రెండు రోజులకి పర్లేదు. తర్వాత జిడ్డంతా పోయి బాత్‌రూమ్ జాలీ దగ్గర పేరుకుపోయింది, నీళ్ళు నిలబడ్డం మొదలైంది, స్నానం చేసే చోటే గిన్నెలు కడుగుతున్నామని పాప అన్నం తినడానికి మొరాయించింది. దానికన్నా నన్ను కుదిపేసింది పన్నెండో రోజు రాత్రి. పదిన్నర అయ్యుంటుంది, పాప పడుకుందని మెల్లిగా లేచి చూస్తే బాత్‌రూమ్‌లో లైటు వెలుగుతోంది, అమ్మ చిన్న పీట మీద కూర్చుని, మోకాళ్ళు ముడుచుకుని, రాత్రి గిన్నెలు ఒక్కొక్కటే తోముతోంది. అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలుసు కదా, రెండు మెట్లెక్కితేనే రెయిలింగ్ పట్టుకుంటుంది. ఎందుకమ్మా అంటే, మీ ఇద్దరూ పొద్దున్నే ఆఫీసుకి పోవాలి కదరా, వంగి వంగి మీకు నడుం పట్టేస్తోంది, అంది. ఆమెని లేపి కూర్చోబెట్టి మిగతావి నేను తోమాను కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఇల్లు బాగుచేయించుకుందామని మొదలుపెట్టి ఇంట్లో పెద్దావిడని ఈ పరిస్థితికి తెచ్చానే అనిపించింది.

మర్నాడు ప్లంబర్ రాగానే అడిగా. పాత సింక్ ఇంకా శిథిలాల గోనెసంచుల పక్కనే పడి ఉంది. దాన్ని కడిగి, ఇనప స్టాండ్ మీద కూర్చోబెట్టి, బాల్కనీలో వాషింగ్ మెషిన్ కుళాయికి ఒక టీ జాయింట్, అంటే నీళ్ళని రెండు దారులుగా చీల్చే T ఆకారపు ముక్క, వేసి పైన కుళాయి పెట్టాడు, కింద నుంచి పైపు బాల్కనీ డ్రెయిన్‌లోకి ఇచ్చాడు. పైపుకి అడుక్కి పావు అంగుళం వాలు ఉంటే చాలు, నీళ్ళు వాటంతట అవే పోతాయి అన్నాడు. గంటన్నర పని రా. గంటన్నర! ఆ గంటన్నర పని మొదటి రోజే చేయించుకోనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ సాయంత్రం అమ్మ నిలబడి, పైన కుళాయి తిప్పి, రెండు గ్లాసులు కడిగి, ఎండలో ఆరబెట్టి, ఇక ఎన్నాళ్ళైనా పర్లేదురా అంది.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. పగలగొట్టే రోజుకి ముందు రోజే ప్లంబర్‌ని పిలిచి, నీళ్ళు వచ్చే చోటు, పోయే చోటు రెండూ ఉన్న మూల ఒకటి చూసుకుని అక్కడ సింక్ నిలబెట్టించు. తర్వాతే సుత్తి ఎత్తనివ్వు. మేస్త్రీ ఎంత తొందరపెట్టినా సరే.

పాత చోట మిగిలిన డ్రెయిన్ పైపు నోరు వెంటనే మూయించు. సింక్ కింద వంపు తిరిగిన ట్రాప్ ఉంటుంది చూడు, అందులో ఎప్పుడూ కాసిన్ని నీళ్ళు నిలిచి ఉంటాయి, ఆ నీళ్ళే వాసననీ బొద్దింకల్నీ పైకి రాకుండా ఆపేది. సింక్ తీసేశాక ట్రాప్ కూడా పోతుంది, పైపు తెరుచుకుని ఉంటుంది. మాకు మూడో రోజుకే ఇల్లంతా కంపు, ఎక్కడి నుంచో అర్థం కాలేదు. పైగా సిమెంటు ముక్కలు అందులో పడితే తర్వాత పెద్ద తలనొప్పి. గుడ్డ కుక్కితే సరిపోదు, సరైన క్యాప్ పెట్టించు.

దుమ్ము గురించి నువ్వు భయపడ్డావ్, భయపడాల్సిందే. తలుపుకి పైనుంచి కిందదాకా మందపాటి ప్లాస్టిక్ షీట్ టేప్‌తో అతికించి, మధ్యలో జిప్ పెట్టుకుంటే చాలా వరకు ఆగుతుంది, వంటింటి కిటికీలో గాలి బయటికి తోసేలా ఒక ఫ్యాన్ పెడితే ఇంకా బాగా ఆగుతుంది, ఎందుకంటే అప్పుడు హాల్లోంచి గాలి లోపలికి పోతుంది కానీ లోపలి దుమ్ము హాల్లోకి రాదు. గడప దగ్గర తడి గోనె పట్టా వేయి. చీపురు వద్దు, ఊడిస్తే లేచి మళ్ళీ అక్కడే వాలుతుంది, తడి గుడ్డే.

రాయి కోసే విషయం మాత్రం నా మాట విను, ఇందులో మొహమాటం పెట్టుకోకు. మెషిన్ పెట్టి పొడిగా కోస్తే లేచే ఆ తెల్లటి పొగలో సిలికా ఉంటుంది, కంటికి కనిపించనంత సన్నగా ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది, సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తే దానికి నయం చేసే మందు లేదు. నువ్వు క్వార్ట్జ్ గట్టు వేయిస్తానన్నావ్, ఆ తయారుచేసిన రాయిలో సిలికా కొన్నిట్లో 90 శాతం పైన ఉంటుంది, గ్రానైట్ కన్నా చాలా ఎక్కువ, ఆ పని చేసేవాళ్ళు చిన్న వయసులోనే జబ్బు పడుతున్నారని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి దాన్ని నిషేధించింది కూడా. మా దగ్గర రాయి కోసిన కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయేమో, ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని కోస్తున్నాడు. మంచి మాస్క్ ఇచ్చి, బయటికి తీసుకెళ్ళి, నీళ్ళు పోస్తూ కోయమన్నా. ఆలస్యం అవుతుందన్నారు, అవనీ అన్నా. నువ్వూ అలాగే అను.

కరెంటు సంగతి కూడా. 2000 వాట్ల ఇండక్షన్ 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది, మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు 6 ఆంప్స్‌కే చేసుంటుంది. మాది రెండో వారం ప్లగ్ దగ్గర గోధుమరంగు తిరిగి, ప్లాస్టిక్ మెత్తబడింది, మా ఆవిడ వాసన పట్టేసింది కాబట్టి సరిపోయింది. ఇండక్షన్‌ని నేరుగా పెద్ద ప్లగ్‌కే పెట్టు, అదే వైరుకి కెటిల్ తగిలించకు. గ్యాస్ స్టవ్వే కావాలనుకుంటే సిలిండర్ని బెడ్‌రూమ్‌లోకి తేవద్దు, ఆ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది.

ఫ్రిజ్ మా మంచం పక్కనే పెట్టుకున్నాం, రాత్రంతా దాని చప్పుడు. రెండు రోజుల్లో అలవాటవుతుంది, అంతకన్నా చెప్పేదేం లేదు.

చేతులకి అలవాటు పోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఉప్పు డబ్బా కోసం మా ఆవిడ చెయ్యి కుడివైపు పైకి వెళ్ళేది, అక్కడ ఖాళీ గోడ. రోజుకి పదిసార్లు. పాత వంటింట్లో కళ్ళు మూసుకుని పని చేసేదాన్ని అంటూ ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నేను అప్పుడు ఏమనాలో తెలీక పక్కన కూర్చున్నా. అందుకే కొత్త వంటింట్లో ఉప్పు చోటు మార్చలేదు, డిజైన్ చేసినావిడ అక్కడ షట్టర్ వస్తుందన్నా కూడా.

ఆ రోజుల్లోనే ఒక విషయం చదివా. 1926లో మార్గరెటె షుట్టె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్ళకి ఒక వంటిల్లు గీసింది, 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే. అడుగుల దూరం, ఏ పనికి ఎంత టైం పడుతుంది, అన్నీ లెక్కలు చూసి గీశారు, అలాంటివి దాదాపు పదివేలు కట్టారు. చిత్రం ఏంటంటే అప్పటికి తనకి వంట చేయడం రాదని ఆవిడే తర్వాత చెప్పుకుంది. అది చదివాక నేను రెండు రోజులు మా ఇంట్లో వాళ్ళు ఎక్కడి నుంచి ఎక్కడికి నడుస్తున్నారో చూశా. ఫ్రిజ్ నుంచి సింక్‌కి, సింక్ నుంచి పొయ్యికి, ఈ మూడూ తిరుగుతూనే ఉంటారు, అందులోనూ సింక్ దగ్గరే ఎక్కువసేపు. డ్రాయింగ్‌లో సింక్‌ని ఒక మూలకి తోసేశారు, దాన్ని కిటికీ కిందికి జరిపించా. గట్టు ఎత్తు కూడా అందరికీ వేసే 90 సెంటీమీటర్లు వేయబోతుంటే ఆపి, అమ్మని నిలబెట్టి, మోచెయ్యి మడిచి, దానికి ఓ పన్నెండు సెంటీమీటర్లు కిందికి గీత గీశాం, 83 వచ్చింది. మా ఆవిడకి కాస్త వంగాల్సొస్తుంది, తనే సరే అంది. మీ ఇంట్లో చెల్లెమ్మ, నువ్వు ఇద్దరూ వండుతారు కదా, ఇద్దరూ నిలబడి చూసుకోండి.

ఇంకోటి గుర్తొచ్చింది, ప్లాస్టరింగ్‌కి ముందు గోడల్లో పైపులు, వైర్లు ఎక్కడెక్కడ పోతున్నాయో టేపు పెట్టి, అంకెలు కనపడేలా ఫోటోలు తీసుకో, తర్వాత గోడకి డ్రిల్లింగ్ చేసేటప్పుడు ఆ ఫోటోలు బంగారం. కొత్త క్యాబినెట్లు వచ్చాక ఓ వారం పది రోజులు ఘాటు వాసన ఉంటుంది, బోర్డుల్లో వాడే జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది, తలుపులన్నీ తీసిపెట్టి కిటికీలు తెరిచి వదిలేయి, గిన్నెలు వెంటనే సర్దేయాలని తొందరపడొద్దు.

బాల్కనీలో వాషింగ్ మెషిన్ పాయింట్, డ్రెయిన్ రెండూ పడేలా ఒక ఫోటో తీసి ఈ రాత్రికి పంపు. మా పాత సింక్ స్టాండ్‌తో సహా ఇంట్లోనే ఉంది, పారేయబుద్ధి కాలేదు. అమ్మ నిన్న దాన్ని సబ్బు పెట్టి తోమి ఆరబెట్టింది, వాడికే ఇచ్చేయరా అంది. ఆదివారం కార్లో వేసుకుని వస్తా, టీ జాయింట్ నేనే కొనుక్కొస్తా, నువ్వు ప్లంబర్‌ని మాత్రం పదింటికి రమ్మను.

నీ
నేనే