కొల్లూరు వజ్రం పక్కనుంచే వెళ్ళిపోతున్నాం

సంపాదకుల వారికి నమస్కారం.

ఐరోపా యాత్రల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పది రోజుల్లో ఏడు దేశాలు ఎలా చుట్టిరావచ్చో, ఎక్కడ నిలబడి ఫోటో దిగితే బాగుంటుందో, శాకాహారులకు భోజనం ఎక్కడ దొరుకుతుందో అందులో వివరంగా రాశారు. మాలాంటి వయసు వాళ్ళకు అవన్నీ పనికొచ్చే సంగతులే. అయితే పారిస్ గురించి అర పేజీ రాసిన ఆ వ్యాసంలో కొల్లూరు అన్న మాట ఒక్కసారైనా కనిపించకపోవడం వెలితిగా తోచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తెనాలి దగ్గరున్న కొల్లూరు గురించి కాదు నేను చెబుతున్నది. పల్నాడు జిల్లా బెల్లంకొండ మండలంలో కృష్ణ ఒడ్డున ఉండి, ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగిపోయిన కొల్లూరు గురించి. 17వ శతాబ్దంలో అక్కడి వజ్రాల గనిని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఆడా మగా పిల్లలూ కలిసి దాదాపు 60,000 మంది అక్కడ పని చేస్తున్నారని, మగవాళ్ళు తవ్వుతుంటే ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తున్నారని రాశాడు. ఆ చోటును స్థానిక భాషలో ‘గని’ అంటారని కూడా రాసుకున్నాడు. చేయి చూపించి ఇదేమిటని ఎవరినో అడిగి ఉంటాడు, వాళ్ళు ఉన్నమాటే చెప్పి ఉంటారు, ఆయన దాన్ని ఊరి పేరనుకుని ఉంటాడు. ఈ వాక్యం చదివి నవ్వుకునే హక్కు తెలుగువాళ్ళకు మాత్రమే ఉంది.

మా అమ్మాయి జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉద్యోగం చేస్తోంది. 2024 వేసవిలో నేనూ నా భార్యా అక్కడికి చేరేముందు, ఒక యాత్రా సంస్థ తీసుకెళ్ళిన బృందంతో కలిసి పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్ చూశాం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి మాకు ఇచ్చిన వ్యవధి గంటా పావు. గైడు చిన్న జెండా ఎత్తి పట్టుకుని ముందు నడుస్తుంటే నలభై మందిమీ విహారయాత్రకు వచ్చిన బడిపిల్లల్లా ఆయన వెనకే మెట్లెక్కి, పైన రెక్కలు చాచి నిలబడిన తలలేని విజయదేవత విగ్రహం దగ్గర ఒక పక్కకు తిరిగి మోనాలిసా గదికి చేరుకున్నాం. ముందున్నవాళ్ళు చేతులెత్తి పట్టుకున్న ఫోన్ల తెరల మీదే నేను మోనాలిసాను చూశాను. అదే విగ్రహం దగ్గర రెండో పక్కకు తిరిగి ఉంటే కాసేపట్లోనే అపోలో గ్యాలరీ వచ్చేది. అక్కడ కొల్లూరులో దొరికిన రీజెంట్ వజ్రం ఉందని మా గైడు చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పిన నాకే తెలియనప్పుడు ఆయన ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదు.

ఆ సంగతి నాకు తెలిసింది ఆ తరువాత డ్రెస్డెన్‌లో. లైప్‌జిగ్ నుంచి రైల్లో గంటా పావు ప్రయాణం. మన యాత్రా సంస్థల జాబితాల్లో ఈ ఊరు దాదాపుగా కనిపించదు. 1945 ఫిబ్రవరి బాంబుదాడుల్లో నగరం నడిబొడ్డు కాలి బూడిదయింది. ఫ్రావెన్‌కిర్షె అనే పెద్ద చర్చి కూలి, దాదాపు అర్ధ శతాబ్దం పాటు రాళ్ళగుట్టగానే పడి ఉంది. జర్మనీ ఏకమయ్యాక, 1994 నుంచి 2005 వరకు శ్రమించి దాన్ని మళ్ళీ కట్టారు. పనికొచ్చే పాతరాళ్ళను ఏరి, వీలైనన్నిటిని మునుపున్న చోటే అమర్చారు. అక్కడి ఇసుకరాయి కాలం గడిచేకొద్దీ నల్లబడుతుంది కనుక గోడ మీద ఏది పాతదో ఏది కొత్తదో దూరం నుంచే తెలిసిపోతుంది. మా ఆవిడ దాన్ని చూసి “అతుకుల బొంతలా ఉందండీ” అంది. నాకు అంతకంటే మంచి వర్ణన దొరకలేదు.

అక్కడికి నాలుగడుగుల దూరంలోని రాజప్రాసాదంలో ‘గ్రీన్ వాల్ట్’ అనే ఖజానా ప్రదర్శనశాల ఉంది. అందులో ఒక గాజు పెట్టె ముందు నేను ముప్పావు గంట నిలబడిపోయాను. వెండి వేదిక మీద మెట్లు, మెట్ల పైన గొడుగు కింద సింహాసనం, సింహాసనం మీద ఔరంగజేబు. ఆయన పుట్టినరోజుకు కానుకలు మోసుకొస్తున్న పరివారం, ఏనుగులు, ఒంటెలు, పల్లకీలు, అన్నీ కలిపి 130కి పైగా బొమ్మలు. ఒక్కొక్కటీ వేలెడంత ఉంటుందేమో, బంగారంతో చేసి పైన రంగుల మీనాపని చేశారు. సాక్సనీ పాలకుడు అగస్టస్ కోసం డింగ్లింగర్ అనే కంసాలి తన తమ్ముళ్ళతో కలిసి 1701 నుంచి 1708 వరకు దీన్ని తయారుచేశాడు. ఆయన ఏనాడూ మన దేశంలో అడుగుపెట్టలేదు. యాత్రికుల పుస్తకాలు చదివి, మిగిలింది ఊహించుకుని, మధ్యలో చైనా పోకడలు కూడా కలిపేశాడు. బొమ్మ పూర్తయ్యేనాటికి అసలు ఔరంగజేబు చనిపోయాడు.

ఈ బొమ్మల కొలువులో దాదాపు అయిదు వేల వజ్రాలు పొదిగారు. బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడింది 1720ల్లో. అంతకుముందు ఐరోపాకు చేరిన వజ్రాలు దాదాపుగా అన్నీ భారతదేశానివే, వాటిలో పేరుమోసిన గనులు గోల్కొండ రాజ్యానివి. 1687లో గోల్కొండను జయించి తానీషాను బందీగా పట్టుకుపోయిన చక్రవర్తి బొమ్మకు, ఆ గోల్కొండ గనుల రాళ్ళే ఎక్కడో ఎల్బే నది ఒడ్డున అలంకారమై కూర్చున్నాయన్నమాట. ఏ రాయి ఏ గనిదో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు కానీ, ఈ లెక్క వేసుకున్నాక నాకు అక్కడి నుంచి కదలాలనిపించలేదు.

అదే ప్రాసాదంలో 41 కారట్ల ఆకుపచ్చ వజ్రం కూడా ఉంది. లేత జామకాయ రంగు అని మా ఆవిడ, కాదు యాపిల్ రంగు అని అమ్మాయి వాదించుకున్నారు. భూగర్భంలో సహజంగా ఉండే రేడియోధార్మికత వల్ల దానికి ఆ రంగు వచ్చింది. 1742 ప్రాంతంలో లైప్‌జిగ్ సంతలో ఒక వర్తకుడి దగ్గర దాన్ని కొన్నారు. అది కొల్లూరు ప్రాంతానిదే కావచ్చని నిపుణులు భావిస్తారు. కొల్లూరు పేరు చెప్పగానే అమ్మాయి ఫోన్లో వెతికి, “నాన్నా, మీరు పారిస్‌లో చూడకుండా వచ్చేశారే, అది కచ్చితంగా మనదే” అంది. ఆ నెలాఖరులో సెలవు పెట్టి మళ్ళీ తీసుకెళ్ళింది.

రీజెంట్ వజ్రం ఓ మోస్తరు ఉసిరికాయంత ఉంటుంది. రంగు లేదు, వెలుతురు పడే తీరును బట్టి ఎక్కడో లీలగా నీలిచాయ తోస్తుంది. 1698 ప్రాంతంలో కొల్లూరులో దొరికినప్పుడు అది 410 కారట్ల ముడిరాయి. చెన్నపట్నం గవర్నరు థామస్ పిట్ దాన్ని 48,000 వరహాలకు కొని లండన్ పంపిస్తే, సానబట్టిన తరువాత 140 కారట్ల పైచిలుకు మిగిలింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి (రీజెంట్) కొన్నాడు కనుక దానికి ఆ పేరు వచ్చింది. 1792లో దొంగలు ఎత్తుకుపోతే మరుసటి ఏడాది పారిస్‌లోనే ఒక అటక మీద దొరికింది. తరువాత నెపోలియన్ కత్తి పిడిలోకి చేరింది. 1887లో ప్రభుత్వం రాజాభరణాలను వేలం వేసినప్పుడు కూడా దీన్ని అమ్మకుండా అట్టిపెట్టుకుంది.

2025 అక్టోబరు 19న దొంగలు పట్టపగలు అపోలో గ్యాలరీ కిటికీ కోసి లోపలికి వెళ్ళి, నిమిషాల్లో ఎనిమిది ఆభరణాలు ఎత్తుకుపోయిన వార్త మీ పత్రిక మొదటి పేజీలోనే వేసింది. అదే గదిలో ఉన్న కొల్లూరు వజ్రం జోలికి వాళ్ళు పోలేదన్న సంగతి మాత్రం వార్తలో రాలేదు. తెలుగు పాఠకుడికి ఆ ఒక్క వాక్యం అన్నిటికంటే ముందు కావలసింది. (2019 నవంబరులో డ్రెస్డెన్ ఖజానాలో దొంగలు పడినప్పుడు కూడా ఆకుపచ్చ వజ్రం ప్రదర్శన కోసం న్యూయార్క్ వెళ్ళి ఉంది. రెండు రాళ్ళదీ గట్టి జాతకమే.)

ఆమ్‌స్టర్‌డామ్ గురించి రెండు మాటలు. కాలువల వెంట ఉన్న పాత వర్తకుల ఇళ్ళ నెత్తిన ముందుకు పొడుచుకొచ్చిన కొక్కేలను, సరుకు మూటలు పై అంతస్తుకు లాగడానికి పెట్టారని చెప్పి గైడు మిరియాలు, లవంగాల దగ్గర ఆగిపోయాడు. 1605 నుంచే డచ్చివాళ్ళు బందరులో దిగి మన అద్దకపు బట్టను ఓడల్లో తరలించారు. బందరులో వలందపాలెం అన్న పేరు వాళ్ళ గుర్తే. వాళ్ళు ఆ బట్టను ‘సిట్స్’ అంటారు, మన పెద్దవాళ్ళు చీటిగుడ్డ అనేవారు. పలికి చూడండి, రెండూ ఎంత దగ్గరో.

లండన్ మా బృందయాత్రలో లేదు. ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా అక్కడ చెల్లదు, ఇంగ్లండుకు వేరే తీసుకోవాలి. ఆ ఖర్చు కేవలం అమరావతి కోసమే భరించాను. నా ఉద్యోగ జీవితంలో ఏటా పిల్లలను అమరావతి స్తూపానికి తీసుకెళ్ళి, ఆ గడ్డి దిబ్బ చుట్టూ తిప్పి, “శిల్పాలు కొన్ని మద్రాసులో, కొన్ని లండన్‌లో ఉన్నాయిరా” అని చెప్పి తీసుకొచ్చేవాణ్ణి. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన పలకలు 1859లో లండన్ చేరాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. 33ఎ గదిలో, అద్దాల వెనక, పలనాటి సున్నపురాయి తెల్లటి లేత ఆకుపచ్చతో మెరుస్తూ కనిపించగానే మా ఊరి మనిషి ఎదురైనట్టయింది. ఒక పలకకు రెండు వైపులా శిల్పం ఉంది. మొదట చెక్కిన వైపు చెట్టు కింద ఖాళీ ఆసనం, దానికి మొక్కుతున్న జనం. దాదాపు మూడు శతాబ్దాల తరువాత ఎవరో అదే రాతిని తిప్పి, వెనక వైపు నిండు స్తూపాన్ని చెక్కారు. దిబ్బగా మాత్రమే మనకు మిగిలిన స్తూపం పూర్వం ఎలా ఉండేదో చూడాలంటే ఆ రాతినే చూడాలి. మరో పలక మీద బుద్ధుడి పుట్టుక ఉంది. మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడింది, పక్కన దేవతలు పొడవాటి వస్త్రం పట్టుకున్నారు, బిడ్డ మాత్రం లేడు. దగ్గరగా చూస్తే ఆ వస్త్రం మీద బుల్లి పాదాల గుర్తులు కనిపిస్తాయి.

కోహినూరు తిరిగి తెప్పించాలని కోరే ఉత్తరం కాదిది, అలాంటివి మీరు చాలానే అచ్చువేశారు. ఈఫిల్ టవర్ ఎక్కవద్దనీ, పాటలు తీసిన మంచుకొండల మీద ఫోటోలు దిగవద్దనీ చెప్పడం కూడా లేదు, మేమూ దిగాం. నా విన్నపం ఒక్కటే. ఐరోపా యాత్రల గురించి మీరు ఇక ముందు వేసే ప్రతి వ్యాసం పక్కనా, ఆ నగరంలో మన నేలకు చెందిన వస్తువు ఏ మ్యూజియంలో ఏ గదిలో ఉందో నాలుగు వాక్యాల్లో ఇవ్వండి. అది చదివిన యాత్రికుడు బయలుదేరే ముందే సంస్థవాళ్ళను “అక్కడ మాకు ఎంతసేపు ఇస్తారు” అని అడుగుతాడు. డబ్బు కట్టేవాడు అడిగితే గంటా పావు రెండున్నర గంటలు కావడం కష్టమేమీ కాదు.

వెళ్ళేవాళ్ళకు తెలియవలసినవి మరికొన్ని ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం శాశ్వత ప్రదర్శనలకు ప్రవేశం ఉచితం. చోరీ తరువాత అపోలో గ్యాలరీని మూసి, మిగిలిన వాటిలో విలువైన కొన్ని నగలను బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్ ఖజానాకు తరలించారు కనుక వజ్రం ఎక్కడుందో విచారించుకుని మరీ బయలుదేరాలి. డ్రెస్డెన్‌లో గ్రీన్ వాల్ట్ పేరుతో రెండు ప్రదర్శనశాలలున్నాయి. ఔరంగజేబు కొలువూ ఆకుపచ్చ వజ్రమూ ఉన్నది ‘కొత్త’ దాంట్లో. లూవ్ర్‌కూ డ్రెస్డెన్ రాజప్రాసాదానికీ వారపు సెలవు మంగళవారమే. మంగళవారం ప్రయాణం వద్దని మా నాయనమ్మ పోరుతుండేది, ఈ రెండు చోట్లకు మాత్రం ఆవిడ మాట వినక తప్పదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
సత్తెనపల్లి.