బిల్ విదర్స్ కనుమరుగవ్వలేదు సార్, తనే మానేశాడు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో రీల్స్‌లో మళ్ళీ మోగుతున్న పాత ఇంగ్లిష్ పాటల గురించి వేశారు, బాగానే ఉంది, కానీ అమెరికా గాయకుడు బిల్ విదర్స్ దగ్గరికి వచ్చేసరికి నాలుగు హిట్లిచ్చి కనుమరుగైపోయిన దురదృష్టవంతుడు అని ఒక్క లైన్లో తేల్చిపారేశారు చూడండి, అది చదివాక ఉండబట్టలేక రాస్తున్నా. జాలి పడాల్సిన మనిషి కాదండీ ఆయన.

1938 జూలై 4న వెస్ట్ వర్జీనియాలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు ఊళ్ళో పుట్టాడు. వాళ్ళ నాన్న గనిలో పనిచేసేవాడు, ఈయనకి 13 ఏళ్ళప్పుడు పోయాడు. నాది గోదావరిఖని, బాయి పని మీద నడిచే ఇల్లంటే ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దానికి తోడు నత్తి, నోరు తెరిస్తే మాట తడబడేది. స్కూలైపోగానే నేవీలో చేరి 9 ఏళ్ళు చేశాడు, 1967లో లాస్ ఏంజెలెస్ వచ్చి విమానాల్లో పెట్టే టాయిలెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు, జీతంలో మిగుల్చుకున్న డబ్బుల్తోనే డెమోలు (శాంపిల్ పాటలు) రికార్డు చేయించుకుని రికార్డ్ కంపెనీల చుట్టూ తిరిగేవాడు. మొదటి ఆల్బమ్ "జస్ట్ యాజ్ ఐ యామ్" 1971లో వచ్చేటప్పటికి వయసు 32. పాప్ సంగీతంలో ఆ వయసుకి చాలామంది పని అయిపోతుంది, ఈయన అప్పుడు మొదలుపెట్టాడు.

ఆ ఆల్బమ్ కవర్ ఫొటో ఒకసారి నెట్‌లో వెతికి చూడండి. ఇటుక గోడ పక్కన మామూలు బట్టల్లో నిలబడి నవ్వుతుంటాడు, చేతిలో లంచ్ బాక్స్. స్టూడియోలో సెట్ వేసి తీసింది కాదు, పనిచేసే ఫ్యాక్టరీ దగ్గరే లంచ్ బ్రేక్‌లో తీసింది! రికార్డ్ కంపెనీలు ఎప్పుడు నెత్తిన పెట్టుకుంటాయో ఎప్పుడు వదిలేస్తాయో తెలీదని ఉద్యోగం కూడా మానకుండా పట్టుకునే ఉన్నాడు. ఆ తర్వాత పాటకి గోల్డ్ రికార్డ్ (బాగా అమ్ముడైన పాటలకి ఇచ్చే గుర్తింపు) వస్తే కంపెనీవాళ్ళు ఆయనకి బంగారు రంగు టాయిలెట్ సీటు బహుమతి ఇచ్చారంట, ఆ ఫ్యాక్టరీ పని గుర్తుగా.

ఆ పాట "ఎయింట్ నో సన్‌షైన్". విచిత్రం ఏంటంటే కంపెనీ నమ్ముకున్నది దీన్ని కాదు, "హార్లెమ్" అనే వేరే పాటని. ఇది ఆ రికార్డుకి వెనకవైపు ఏదో ఒకటి ఉండాలి కదా అని వేసిన పాట, రేడియో వాళ్ళు తిప్పి వేయడంతో ఇదే ఆడింది. మధ్యలో "ఐ నో, ఐ నో" అని 26 సార్లు వస్తుంది కదా, అక్కడ ఇంకో చరణం రాద్దామనుకున్నాడు ఆయన, ప్రొడ్యూసర్ బుకర్ టి. జోన్స్ వాళ్ళేమో వద్దు అలాగే వదిలెయ్యి అన్నారు. వాళ్ళ మాట విన్నాడు కాబట్టి సరిపోయింది, మా ఇంట్లో అయితే ఇప్పటికీ ఆ చోటు రాగానే అందరూ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెడతారు, ఎవరి లెక్కా కుదరదు. దానికి గ్రామీ అవార్డు వచ్చింది. మరుసటి ఏడాది 1972లో "లీన్ ఆన్ మీ" 3 వారాలు అమెరికాలో నంబర్ వన్. ఒకరికొకరు ఆసరాగా బతికే స్లాబ్ ఫోర్క్ మనుషుల్ని తలుచుకుని రాసిన పాట అది, ట్యూన్ కూడా పియానో మీద వేళ్ళు వరసగా పైకీ కిందకీ జరిపినట్టే ఉంటుంది, కొత్తగా నేర్చుకునే పిల్లలు కూడా వాయించేస్తారు. రాసేదీ తనే, ట్యూన్ కట్టేదీ తనే, పాడేదీ తనే, మన వాగ్గేయకారుల్లాగా అన్నమాట.

మీరు అసలు ముట్టుకోనిది ఇంకోటుంది. 1972 అక్టోబర్‌లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో పాడిన కచేరీ, 1973లో లైవ్ ఆల్బమ్‌గా వచ్చింది. అందులో వియత్నాం యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న కుర్రాడి పాట ఉంటుంది, నాకు ఎడమ చేత్తో రాయడం రాదు, మా అమ్మకి ఎవరైనా ఒక ఉత్తరం రాసిపెట్టండి అని అడుగుతాడు. అరవడాలుండవు, నినాదాలుండవు, పక్కన కూర్చుని చెప్తున్నట్టు పాడతాడు. నన్నడిగితే హిట్ల కంటే ఇదే ఆయన అసలు పని.

ఇక మీరు దురదృష్టం అన్న సంగతికొస్తా. మొదటి కంపెనీ ససెక్స్ 1975లో మూతపడింది, ఈయన కొలంబియా అనే ఇంకో రికార్డ్ కంపెనీకి వెళ్ళాడు. అక్కడ 1977లో "లవ్లీ డే" వచ్చింది, చివర్లో ఒకే స్వరాన్ని దాదాపు 18 సెకన్లు పట్టుకుంటాడు (ఇంట్లో ట్రై చేయండి, నేను సగంలోనే చేతులెత్తేశా). కానీ ఆ కంపెనీలో పాట ఓకే చేసేవాళ్ళకీ ఈయనకీ పడలేదు, ఇలా రాయి అలా పాడు అనేవాళ్ళే, తెచ్చిన పాటల్ని పక్కన పెట్టేసేవాళ్ళే, 1978 తర్వాత ఏళ్ళ తరబడి ఆల్బమే రానివ్వలేదు. అదే టైములో బయటికెళ్ళి శాక్సోఫోన్ వాయించే గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ ఆల్బమ్‌లో "జస్ట్ ద టూ ఆఫ్ అస్" పాడితే అది 1981లో 2వ స్థానం దాకా వెళ్ళింది, మళ్ళీ గ్రామీ! మీరు రీల్స్‌లో విన్నది ఇదే. పనికిరాడని సొంత కంపెనీ కూర్చోబెట్టిన మనిషి పక్క కంపెనీకి హిట్ ఇచ్చాడన్నమాట. 1985లో ఒక ఆఖరి ఆల్బమ్ వచ్చింది, ఇంక చాలు అనుకుని మానేశాడు. స్టూడియో ఆల్బమ్స్ మొత్తం 8, అంతే.

మానేశాక అడుక్కుతిన్నాడా అంటే అదీ లేదు. పాటల హక్కుల వ్యవహారం వాళ్ళావిడ చూసుకునేది, ఇళ్ళూ స్థలాల మీద కూడా డబ్బు పెట్టుకున్నారు. 1987లో క్లబ్ నువో అనే గ్రూపు "లీన్ ఆన్ మీ" మళ్ళీ పాడితే అదీ నంబర్ వన్ అయింది, పాట రాసినందుకు ఈయనకి మూడో గ్రామీ ఇంటికొచ్చింది, స్టేజీ ఎక్కే పని లేకుండా. 2015లో గొప్ప సంగీతకారులకి చోటిచ్చే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి స్టీవీ వండర్ స్వయంగా ఆహ్వానించాడు. 2020 మార్చి 30న 81 ఏళ్ళ వయసులో గుండె జబ్బుతో పోయాడు, సరిగ్గా ఆ లాక్‌డౌన్ రోజుల్లోనే చాలా ఊళ్ళలో జనం డాక్టర్లకీ నర్సులకీ ధైర్యం చెప్పడానికి "లీన్ ఆన్ మీ" పాడుకుంటున్నారు.

కాబట్టి ఆ దురదృష్టవంతుడు అన్న మాట వెనక్కి తీసుకోండి సార్. ఇంకోసారి ఆయన గురించి వేసేటప్పుడు రీల్స్ పాట ఒక్కటే కాకుండా కార్నెగీ హాల్ రికార్డు కూడా విని రాయండి, ఫొటో వేసేట్టయితే ఆ లంచ్ బాక్స్ ఫొటోనే వేయండి, మొన్న వేసింది చాలా మసగ్గా ఉంది.

ఇట్లు
మీ పాత పాఠకుడు, గోదావరిఖని